పాఠకుల బెడద నుంచి సూపర్‌హీరోను కాపాడుకుందాం

అమెరికా కామిక్స్ రంగంలో ఏడాదికోసారైనా ఒక ప్రమాదకరమైన ఆలోచన తలెత్తుతుంది. సూపర్‌హీరో కామిక్స్‌ను ప్రచురించే తీరు మార్చాలట. దారిన పోయే మామూలు మనిషి కూడా ఒకటి కొని, ఇంటికి తీసుకెళ్ళి, చదువుకునేలా చెయ్యాలట. వినడానికి ఎంత అమాయకంగా ఉంది! ఎందరో పెద్దలు దశాబ్దాల తరబడి చెమటోడ్చి కట్టిన కోటకు దొంగచాటుగా వెనక తలుపు తీయడం తప్ప ఇది మరొకటి కాదు. ఆ కోట విలువ తెలియనివాళ్ళే ఇలాంటి మాటలు మాట్లాడతారు కాబట్టి, కాస్త చరిత్ర చెప్పక తప్పదు.

సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 1938లో వచ్చింది. ధర 10 సెంట్లు, పేజీలు 64. పత్రికల బడ్డీల్లోనూ మందుల దుకాణాల్లోనూ దొరికేది. జేబులో చిల్లర ఉన్న ఏ కుర్రాడైనా కొనేసేవాడు. చదివేవాడు. చుట్టచుట్టి వెనక జేబులో దోపుకునేవాడు. స్నేహితుడికి ఇచ్చేవాడు. చివరికి వాళ్ళమ్మ ఇల్లు సర్దుతూ చెత్తలో పడేసేది. 1960లో సూపర్‌మ్యాన్ పత్రిక సంచికకు సగటున 8 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఎంతటి అరాచకమో గమనించండి. కొన్నది ఎవరో తెలియదు. వాడికి వెనకటి కథ తెలుసా లేదా అని అడిగే నాథుడు లేడు. పేజీ మూల మడిచినా శిక్ష లేదు.

ఈ అరాచకానికి 1970లలో తెర పడింది. న్యూయార్క్‌కు చెందిన కామిక్స్ వ్యాపారి ఫిల్ సూలింగ్ ప్రచురణకర్తల ముందు ఒక బేరం పెట్టాడు: మాకు ఎక్కువ తగ్గింపు ఇవ్వండి, మిగిలిపోయిన ప్రతులు మేం వెనక్కి పంపం. అంతకుముందు అమ్ముడుపోని ప్రతులకు పంపిణీ వ్యవస్థ అట్టలు చింపి పంపి డబ్బు రాబట్టుకునేది. కామిక్స్ దుకాణం ఆ హక్కును వదులుకుంది. దాంతో సరుకు దుకాణం గడప దాటగానే ప్రచురణకర్త ఖాతాలో అమ్ముడైనట్టే. ఆ తర్వాత దాన్ని మనిషి చదివాడా, చెదలు తిన్నాయా అన్నది ఆయనకు అనవసరం. పాఠకుడనే నిలకడలేని పదార్థాన్ని లెక్కలోంచి ఇంత శుభ్రంగా తీసేసిన ప్రచురణ రంగం ప్రపంచంలో ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

అందులోనూ ఒక సొగసు ఉంది. ఏ సంచిక ఎన్ని ప్రతులు కావాలో దుకాణదారు రెండు మూడు నెలల ముందే జాబితా చూసి చెప్పాలి. అప్పటికి ఆ కథకు బొమ్మలు గీయడం పూర్తయి ఉండకపోవచ్చు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు వెక్కిరింపుగా అన్నారు గానీ, ఇక్కడ సోమలింగానికి నంబరు, ధర, నాలుగు రకాల ముఖచిత్రాలు ముందే సిద్ధం. దుకాణదారు మునగకుండా ఉండాలంటే, నిఖార్సైన అభిమాని తనకేం కావాలో అతని దగ్గర ‘పుల్ లిస్ట్’లో ముందే రాయించుకోవాలి. అలా పేరు రాయించుకున్నవాడే పౌరుడు. తలుపు తోసుకుని వచ్చి ‘చదవడానికి ఏమైనా మంచిది ఉందా’ అని అడిగేవాడు చొరబాటుదారు.

1990ల చివరి నుంచి 2020 వరకు ఈ దుకాణాలన్నిటికీ పెద్ద ప్రచురణకర్తల సరుకు దాదాపుగా డైమండ్ అనే ఒక్క పంపిణీ సంస్థ నుంచే వచ్చేది. 2020లో కరోనా వచ్చి ఆ సంస్థ కొన్ని వారాలు సరఫరా ఆపేస్తే, కొత్త కామిక్స్ రాక దేశమంతటా ఆగిపోయింది. సూపర్‌హీరో కామిక్స్ వేసే రెండు పెద్ద సంస్థల్లో డీసీ ఆ ఏడాదే, మార్వెల్ మరుసటి ఏడాది వేరే దారి చూసుకున్నాయి. 2025 జనవరిలో డైమండ్ దివాలా పిటిషన్ వేసింది. దీన్ని వ్యవస్థ వైఫల్యమంటున్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కొత్త పాఠకులు లేకుండా ఒక వ్యాపారాన్ని ఎంతకాలం నడపవచ్చో చూద్దామని మొదలుపెట్టిన ప్రయోగం అంతకాలం నడిచింది. ప్రయోగం అన్నాక ఏదో ఒక రోజు ఫలితం రావాలి కదా.

కోటకు బయటి గోడ పంపిణీ అయితే, లోపలి కందకం నంబర్లు. దీని గొప్పతనం అనుభవిస్తే గానీ తెలియదు. ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ 2019లో ప్రపంచవ్యాప్తంగా 270 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ టికెట్లు కొన్నవాళ్ళలో నూటికి ఒక్కరు కామిక్స్ దుకాణానికి వచ్చినా తొక్కిసలాట జరిగేది. జరగలేదంటే కందకం పనిచేస్తున్నట్టే. ఉదాహరణకు, సూపర్‌హీరో సినిమా చూసిన ఉత్సాహంలో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చిందనుకోండి.

“స్పైడర్‌మ్యాన్ పుస్తకం ఇస్తారా?”

“ఏ స్పైడర్‌మ్యాన్?”

“సాలీడు కుట్టింది కదండీ, ఆ అబ్బాయి.”

“సాలీడు చాలామందిని కుట్టిందమ్మా. పీటరా, మైల్సా, గ్వెనా?”

“పీటర్. మొదటి నంబరు ఇవ్వండి, అక్కడి నుంచి చదువుకుంటాడు.”

“మొదటి నంబరంటే 1963దా, 1999దా, 2014దా, 2015దా, 2018దా, 2022దా, 2025దా?”

దుకాణదారు ఇందులో ఒక్క అక్షరం కల్పించలేదు. ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 1963లో 1తో మొదలై 1998లో 441 దగ్గర ఆగింది. మళ్ళీ 1 నుంచి మొదలై 58 దాకా నడిచింది. 58 తర్వాత 2003లో వచ్చిన సంచిక నంబరు 500. పాత లెక్క, కొత్త లెక్క కలిపితే అంతే అవుతుంది, కూడి చూసుకోండి. 700 చేరాక ఆపి, కొంత విరామం ఇచ్చి, 2014లో మళ్ళీ 1. మరుసటి ఏడాదే ఇంకోసారి 1. అది 32 దాకా వచ్చాక, తర్వాతి నంబరు 789. ఏడాది తిరక్కుండానే 1. మధ్యలో 50 తర్వాత ‘50.ఎల్ఆర్’ అనే నంబరుతో కూడా ఒక సంచిక వచ్చింది. ఆ పిల్లవాడు “58 తర్వాత 59 కదా?” అని అడిగాడంటే వాడికి లెక్కలొచ్చని అర్థం. లెక్కలొచ్చినవాడు మనకు పనికిరాడు.

ఆ తల్లీకొడుకులు ఏం చేస్తారో కూడా చెప్పాలి, సిగ్గుచేటైనా సరే. పక్క వీధిలోని పుస్తకాల దుకాణానికి వెళ్తారు. అక్కడ మాంగా అనే జపాన్ కామిక్స్ పుస్తకాలు బారులు తీరి ఉంటాయి. వెన్ను మీద 1, దాని పక్కన 2, దాని పక్కన 3. ఇంత నాటు పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఒకటి తర్వాత రెండు చదవాలని చెప్పేస్తే పాఠకుడి ప్రతిభకు పరీక్ష ఎక్కడుంది? దాదాపు 200 పేజీల పుస్తకాన్ని సుమారు 12 డాలర్లకు ఇస్తున్నారు. మన దగ్గరైతే 20 పేజీల కథకు 4.99 డాలర్లు, అంటే పేజీకి పావు డాలరు. 1938 నాటి 10 సెంట్లు ఇప్పటి లెక్కలో రెండు డాలర్ల పైచిల్లర. అప్పుడు దానికి 64 పేజీలు ఇచ్చేవాళ్ళు. పేజీలు తగ్గించి ధర పెంచడం వల్ల పాఠకుడి సమయం ఎంత కలిసొస్తుందో ఎవరూ గుర్తించరు. బస్సు ఎక్కి కూర్చుని విప్పితే రెండో స్టాపు రాకముందే పూర్తవుతుంది. కథ మాత్రం పూర్తవదు.

పాఠకులు తికమకపడుతున్నారన్న ఫిర్యాదును రంగం పట్టించుకోలేదనడం అన్యాయం. పట్టించుకుంది, పదే పదే. డీసీ 1985లో తన కథలు జరిగే లెక్కలేనన్ని విశ్వాలను ఒక్కటిగా కుదించి చరిత్రను సరళం చేయడానికి 12 సంచికల మహాకథ వేసింది. ఆ కథ అర్థం కావాలంటే అంతకుముందు వచ్చిన దశాబ్దాల కథలు తెలిసి ఉండాలి, అంతే. సరళం చేసినదాన్ని 1994లో మళ్ళీ సరిచేశారు. 2005లో సరిచేసినదాన్ని తిరగదోడారు. 2008లో ‘ఫైనల్ క్రైసిస్’ అని, అంటే ఇదే ఆఖరి సంక్షోభమని పేరు పెట్టి మరొకటి వేశారు. 2011లో 52 పత్రికలను ఒకే నెలలో 1వ నంబరు నుంచి మొదలుపెట్టారు. 2022లో ఇంకొక సంక్షోభం. ఇన్నిసార్లు ఊడ్చిన ఇంట్లో దుమ్ము ఉందంటే, చీపురు గురించి అనుమానించాలి గానీ ఊడ్చేవాళ్ళ చిత్తశుద్ధిని కాదు.

ఇక మామూలు జనం నిజంగానే ఎగబడిన రోజులు లేకపోలేదు. 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయాడు. టీవీల్లో వార్త వచ్చింది, దుకాణాల ముందు వరసలు కట్టారు. ఆ సంచికను నల్లటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మారు. సంచి లోపల కథతో పాటు చేతికి కట్టుకునే నల్ల పట్టీ, సూపర్‌మ్యాన్ పనిచేసిన పత్రిక వేసిన సంతాప వార్త, తపాలా బిళ్ళలు, పోస్టరు. కానీ సంచి చింపితే ధర పడిపోతుందని ఒక నమ్మకం. అందువల్ల దుఃఖించదలచినవాడు రెండు కొనాలి, ఒకటి ఏడవడానికి, రెండోది దాచడానికి. లక్షల మంది దాచారు. అందరూ దాచిన వస్తువుకు ధర ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్న అప్పట్లో ఎవరికీ తట్టలేదు. సూపర్‌మ్యాన్ మరుసటి ఏడాదే లేచి వచ్చాడు. దాచినవాళ్ళ డబ్బు మాత్రం అలా లేచి రాలేదు.

దానికి ముందు ఏడాదే ‘ఎక్స్‌మెన్’ కొత్త పత్రిక మొదటి సంచిక 80 లక్షల ప్రతులకు పైగా పోయింది. లోపలి కథ ఒకటే, అట్టలు ఐదు. నాలుగు అట్టలను పక్కపక్కన పేరిస్తే ఒక పెద్ద బొమ్మ అవుతుంది. ఐదోది ఆ పెద్ద బొమ్మే, మడత పెట్టి. నాలుగూ కొన్నవాడికి ఐదోది దేనికి అని అడిగేవాళ్ళు అర్థశాస్త్రం చదువుకున్నారు తప్ప కామిక్స్ చదవలేదు. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా తీసిందనుకోండి, అది వేరే సంగతి.

అట్టల విద్య ఆ తర్వాత ఇంకా పదునెక్కింది. మామూలు అట్ట ఉన్నవి 25 ప్రతులు తెప్పించుకున్న దుకాణానికే అరుదైన అట్ట ఉన్నది ఒక్కటి దొరుకుతుంది. ఆ ఒక్కదాన్ని మంచి ధరకు అమ్ముకుంటే మిగతా వాటి ఖర్చు చాలావరకు వచ్చేస్తుంది. అమ్ముడుపోనివి తెల్ల అట్టపెట్టెలో చేరి, కొంతకాలానికి డాలరుకు ఒకటిగా పోతాయి. నెలవారీ లెక్కల్లో మాత్రం ఆ పాతికా అమ్మకాలే. సంచిక దూసుకుపోతోందని ప్రచురణకర్త సంబరపడి, అదే రచయితకు ఇంకో 1వ నంబరు అప్పగిస్తాడు.

ఈ సాధనకు పరాకాష్ఠ 2000లో వచ్చింది. కామిక్‌ను నిపుణుల దగ్గరికి పంపితే, వాళ్ళు దాన్ని పరిశీలించి, పదికి ఎన్ని మార్కులో వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో శాశ్వతంగా బిగించి పంపుతారు. అట్ట కనిపిస్తుంది. వెనకవైపు ప్రకటన కనిపిస్తుంది. లోపలి కథ మాత్రం కనిపించదు. చదవాలంటే డబ్బా పగలగొట్టాలి, పగలగొడితే మార్కులు పోతాయి. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి ఒకటి ఇలాంటి డబ్బాలో, 8.5 మార్కులతో, 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. పది సెంట్ల రోజుల్లో దాన్ని వెనక జేబులో దోపుకున్న కుర్రాళ్ళు ఎంతటి విధ్వంసకులో ఇప్పుడైనా తెలిసి వచ్చిందా?

ఇంత ఉన్నత స్థితికి చేరుకున్నాక కూడా సంస్కర్తలు ఊరుకోవడం లేదు. వాళ్ళ కోరికలు చూడండి. కథ ఒక పుస్తకంలో మొదలై అదే పుస్తకంలో ముగియాలట. కిరాణా సరుకులు కొనే చోటా, స్కూళ్ళలో పెట్టే పుస్తక ప్రదర్శనల్లోనూ దొరకాలట. ఈ చివరి కోరిక మరీ అనుమానాస్పదం. ఎందుకంటే అమెరికా స్కూళ్ళలో స్కాలస్టిక్ అనే ప్రచురణ సంస్థ పెట్టే ప్రదర్శనల్లో పిల్లలు బొమ్మల కథల పుస్తకాల కోసం ఎగబడుతున్నారు. అలాంటివి రాసి, గీసే డేవ్ పిల్కీ, రైనా టెల్గమైయర్‌ల పుస్తకాలు లక్షల్లో అమ్ముడవుతున్నాయి. ఈ కాలం పిల్లలు ఫోను వదిలి కామిక్ పట్టుకోవడం లేదని మనం ఏళ్ళ తరబడి చేస్తూ వస్తున్న విలాపానికి ఇది తీరని ద్రోహం. కాబట్టి అవి కామిక్స్ కావని తీర్మానించుకుందాం. కేప్ వేసుకున్నవాడు లేడు, 1985 ప్రస్తావన లేదు, కొన్న పిల్లవాడు వాటిని పెరుగు మరకలతో సహా చదివేశాడు. ఇక అవి కామిక్స్ ఎలా అవుతాయి?

మామూలు జనాన్ని పిలవడమే తప్పని నేననను. పిలవడానికి పద్ధతి ఉంది. 2002 నుంచి దాదాపు ఏటా, ఎక్కువగా మే నెల మొదటి శనివారం, దుకాణాలు కొన్ని కామిక్స్‌ను ఉచితంగా పంచుతున్నాయి. ఆ ఉచిత సంచికల్లో చాలావాటిలో రాబోయే మహాసంక్షోభానికి నాంది ఉంటుంది. చివరి పేజీలో ఎవరో చీకట్లోంచి వెలుగులోకి వస్తారు. ఆయన ఎవరో మనకు తెలియదు, తెలిసినవాళ్ళు మాత్రం ఉలిక్కిపడతారు. మామూలు పాఠకుడు ఆ ఉలికిపాటును గౌరవంగా గమనించి, అట్టలు చూసి, పక్కకు తప్పుకుంటాడు. ఇంతకు మించిన ఆతిథ్యం దేనికి?

దురదృష్టవశాత్తు కోట లోపలే ద్రోహం మొదలైంది. 2024లో డీసీ తన పేరున్న కథలను చిన్న సైజు పుస్తకాలుగా, ఒక్కొక్కటి 9.99 డాలర్లకు తెచ్చింది. చేతిలో ఇమిడిపోతాయి, బ్యాగులో పడతాయి. అందులో చాలావాటికి ముందూ వెనకా ఏమీ తెలియనక్కర్లేదు. పుస్తకాల దుకాణాల్లో మాంగా పక్కనే సిగ్గులేకుండా నిలబడుతున్నాయి. నల్ల సంచి లేదు, లోపల చేతి పట్టీ లేదు, పాతిక కొంటే ఒకటి దొరికే అరుదైన అట్ట ఏర్పాటూ లేదు. అలాంటప్పుడు కొన్నవాడు దాన్ని తెరిచి చదవడం తప్ప ఇంకేం చేస్తాడు?