బీటా హెచ్‌సీజీ గారికి, 31 బాకీ గురించి

బీటా హెచ్‌సీజీ గారూ,

నమస్కారం. కడుపు నిలిచిందో లేదో రక్తపరీక్షలో చెప్పే హార్మోన్ తమరే కదా. నిన్న సాయంత్రం నాలుగింటికి దర్శనమిస్తామని రసీదు మీద రాయించి, రాత్రి ఏడున్నరకు దయచేశారు. సాయినగర్ ల్యాబులో ఇనుప బెంచీ మీద మూడున్నర గంటలు కూర్చున్నాను. కౌంటర్ పిల్లోడు "ఇంకో పది నిమిషాలక్కా" అని తొమ్మిదిసార్లు అన్నాడు. అది వదిలేస్తున్నాను. తమరితో నా తగువంతా ఒక్క మాట దగ్గరే: రెట్టింపు.

సోమవారం తమరు 186. పక్కన మామూలు విలువలట: నాలుగో వారానికి 5 నుంచి 426, ఐదో వారానికి 18 నుంచి 7,340. కక్కలపల్లి మండీలో టమోటా రేటు కూడా ఇట్ల ఎగరదు స్వామీ! పైగా ఆ వారాలు చివరి నెలసరి నుంచి లెక్కంట. అంటే మొదటి రెండు వారాలు కడుపులో ఎవరూ లేకుండానే కడుపుతో ఉన్నానన్నమాట. ఒక్క అంకెతో ఏమీ తేలదు, 48 గంటలాగి మళ్ళీ రక్తమివ్వమన్నారు. రెండు మూడు రోజులకు రెట్టింపు కావాలని ఫోన్లో ఉంది. మా ఆయన అందులో 'మూడు' చదవనేలేదు.

ఆ రెండు రోజులూ వాంతి రాకపోతే తమరు తగ్గారేమోనని భయం. రొమ్ముల్లో నొప్పి ఉందా పోయిందా అని బాత్రూంలోకి పోయి నొక్కి చూసుకునేది. రాత్రి రెండింటికి ఫ్యాను వైపు చూస్తా 186, 372, 744 అని ఎక్కం చదివినాను. ప్రొజెస్టిరాన్, టీఎస్‌హెచ్ అని ఇంకో రెండు హార్మోన్ల పరీక్షలకు కూడా బిల్లు కట్టినాను, వాళ్ళ సంగతి తర్వాత.

చివరికి కాగితం చేతికొచ్చింది. 341. మా ఆయన బండి సీటు మీద పెట్టి పెన్నుతో తీసివేత చేసినాడు. "31 తక్కువొచ్చింది" అన్నాడు, బాకీ వసూలుకొచ్చినోడి మాదిరి. రోడ్డు మీదే ఏడ్చినాను. 31 ఏంది? రూపాయలా, గింజలా? ఆ 31 కోసం రాత్రి అన్నం ముట్టలేదు. నీకు నేనేం పాపం చేసినా?

పొద్దున డాక్టరమ్మ కాగితం రెండుసార్లు కూడా చూడలేదు. "ఇంత తక్కువలో ఉన్నప్పుడు రెండ్రోజుల్లో సగం పెరిగినా కంగారు లేదమ్మా. నీది 83 శాతం పెరిగింది. ఖాయంగా చెప్పేది స్కానే. రెండు వారాలాగి రా" అనింది. ఇంతే! ఈ ముక్క నీ పక్కన చిన్నక్షరాల్లో అచ్చేస్తే నీ సొమ్మేం పోయె? 7,340 రాసేదానికి మాత్రం చోటుంది!

కాగితాలు పారేయలేదులే. రెండూ కందిబేడల డబ్బా కింద దాచినాను, తీసివేతతో సహా. మూడో నెల దాకా అత్తకు చెప్పకూడదనుకున్నాం. ఇందాక ఆమె వంటింటి గడపలో నిలబడి అడిగింది: "పొద్దుట్నుంచి ఆ డబ్బా మూడుసార్లు ఎత్తి చూస్తివి, కింద ఎలుకలేమన్నా చేరినాయా?"