సిమెంటు ఓడ వయసు ఎక్కడ ఉంది?

హుస్సేన్‌సాగర్ పడవలు తప్ప మరో ఓడ కనిపించని మన ఊళ్ళో, సైనిక్‌పురిలోని ఒక వరండాలో ఈ వాదం జరిగింది. బాబాయి చీఫ్ ఇంజినీరుగా ఓడల్లో పనిచేసి రిటైరైనవారు. అబ్బాయి ఒక ఓడల యజమానికి హైటెక్ సిటీ నుంచి లెక్కలు చూస్తాడు. ఆ యజమానికి చెందిన, సిమెంటు మోసే 31 ఏళ్ళ ఓడను మరో ఐదేళ్ళు నడపాలా, తుక్కుకు పంపాలా అన్నదే తగవు.

అబ్బాయి: బొగ్గు, ధాన్యం లాంటివి విడిగా పోసి మోసే మామూలు బల్క్ ఓడ అయితే పాతది అమ్మి మరొకటి కొనుక్కోవచ్చు బాబాయి గారూ. సిమెంటు ఓడ అమ్మకానికి రావడమే అరుదు, కొత్తది కట్టించాలంటే ఏళ్ళు పడుతుంది. అమెరికా మహా సరస్సుల్లో 1942 నాటి అల్పీనా ఎనభై ఏళ్ళు దాటినా సిమెంటు మోసింది కదా?

బాబాయి: అది మంచినీటిలో తిరిగే ఓడ. రెడీమిక్స్ ప్లాంటు ముందు ఆగిన బల్కర్ లారీని చూశావా? కంప్రెసర్ గాలి తగలగానే సిమెంటు నీళ్ళలా పారి, గొట్టం ఎక్కి సైలోలో పడుతుంది. మీ ఓడ సరుకు దింపేదీ గాలితోనే కాబట్టి, ఆ సామగ్రిని ముక్క తర్వాత ముక్క మార్చుకుంటూ ఎన్నాళ్ళయినా నెట్టుకురావచ్చు. ఓడ వయసు అక్కడ లేదు, బాలస్ట్ ట్యాంకుల్లో ఉంది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు నిలకడ కోసం వాటిలో సముద్రపు నీరు నింపుతాం, సరుకు ఎక్కేటప్పుడు తోడేస్తాం. ఉప్పు, తడి, గాలి కలిసి ఆ ఇనుమును లోపలినుంచి తినేస్తాయి. ఒకసారి టార్చి పట్టుకుని మ్యాన్‌హోల్‌లోంచి దిగి, గట్టిగా ఉందనుకున్న ఫ్రేము (ఓడ పక్కటెముక) మీద సుత్తితో కొడితే, తుప్పు అప్పడంలా పొరలుగా రాలి సుత్తి అవతలికి దిగబడింది. పైన డెక్కు మీద రంగు మాత్రం పెళ్ళిపందిరిలా మెరుస్తోంది!

అబ్బాయి: వయసే ప్రమాదమైతే డెర్బీషైర్ మాటేమిటి? 1976లో తయారైన ఓడ, 1980లో జపాన్ దగ్గర తుపానులో 44 మందితో మునిగిపోయింది.

బాబాయి: దానికి నా దగ్గర జవాబు లేదు. కొత్తదైనంత మాత్రాన క్షేమమని నేను అనను. పాతదానిలో లోపం ఏటేటా పెరుగుతుందని మాత్రం అంటాను.

అబ్బాయి: మరి పాత ఓడలను తుక్కు చేసే గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డున కూలీల చేత కోయించడం ధర్మమా?

బాబాయి: ఓడలను క్షేమంగా తుక్కు చేయడం గురించిన 2009 నాటి హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26 నుంచి అమల్లో ఉంది, ఓడలో ఆస్బెస్టాస్ వంటి హానికర పదార్థాలు ఎక్కడున్నాయో జాబితా ఉండాలి. ఒడ్డుకు ఎక్కించి కోయడం నాకూ నచ్చదు. అలాగని కూలీల మీద జాలితో నావికులను పాత రేకు మీద నిలబెడతావా?

అబ్బాయి: జాలి పేరు చెప్పి వాయిదా వేస్తున్నానంటారా?

బాబాయి: అంటున్నాను.

అబ్బాయి: సరే, కొత్తది వచ్చేదాకా సిమెంటు ఎవరు మోస్తారు?

బాబాయి: మామూలు ఓడలో బస్తాలుగా పంపించండి, ఖర్చు పెరిగినా భరించాలి. ముందు కిందటి స్పెషల్ సర్వేలో, అంటే ఐదేళ్ళకోసారి జరిగే పెద్ద తనిఖీలో తీసిన రేకు మందం కొలతలు పట్టుకురా. నీ లెక్కలు వాటి తర్వాత చూస్తాను.