ఈ బంతి ఒక్కటే అడ్డం

మొన్న 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్‌కి వచ్చినప్పుడు మా బావమరిది వేలు పోసి టికెట్ కొన్నాడు. క్రికెట్ స్టేడియంలో ముఖ్యమంత్రిగారు జెర్సీ వేసుకుని బంతి తన్నారు, మెస్సీ స్టాండ్లలోకి బంతులు కొట్టాడు, అందరూ క్షేమంగా ఇళ్ళకి చేరారు. అదే రోజు పొద్దున కోల్‌కతాలో మాత్రం, ఆయన కాసేపే ఉండి వెళ్ళిపోయాడని జనం కుర్చీలు విరగ్గొట్టారు.

"చూశావా బావా, మన దేశంలో ఫుట్‌బాల్‌కి ఎంత క్రేజో!" అన్నాడు మావాడు.

అంతకు నెల ముందే, దేశంలోని అగ్రశ్రేణి లీగ్ ఐఎస్ఎల్‌ని నడపడానికి టెండర్ పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. ఆ మాట వాడికి చెప్పలేదు. టికెట్ డబ్బులు తలుచుకుని అప్పటికే కొంచెం డల్‌గా ఉన్నాడు.

ఇలాంటివి చూసి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యని ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు జాలి. 1937లో పుట్టిన సంస్థ అది. దాని అసలు కష్టం మనకి అర్థం కాదు. నియమావళి ఉంది, ఎన్నికలున్నాయి, కమిటీలున్నాయి, కోర్టు వాయిదాలున్నాయి. అన్నీ సజావుగా సాగుతున్న సమయంలో ఎవరో ఒక బంతి తెచ్చి మధ్యలో పెడతారు. ఎక్కడి నుంచో పదకొండు మంది వచ్చి గోల్ కొట్టి పోతారు. పరువంతా అక్కడే పోతోంది.

ఈ ప్రమాదాన్ని మన పెద్దలు 1950లోనే పసిగట్టారు. బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే బ్రెజిల్ వరల్డ్ కప్‌లో మనకి చోటు దొరికింది. ఇంకో దేశమైతే ఎగిరి గంతేసి ఓడ ఎక్కేది. మనవాళ్ళు వెళ్ళలేదు. ఫలితం చూడండి: పురుషుల వరల్డ్ కప్‌లో ఈరోజు దాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోని రికార్డు మనది. బూట్లు లేకుండా ఆడనివ్వం అన్నారు కాబట్టి వెళ్ళలేదని పిల్లలకి చెప్పుకుంటాం. నిజానికి ఆ రోజుల్లో పెద్దల కంటికి ఒలింపిక్స్ ముందు వరల్డ్ కప్ ఆనలేదు. అయినా బూట్ల కథే బాగుంటుంది. అందులో పేదరికం ఉంది, పౌరుషం ఉంది, ఏ ఫైలు మీదా ఎవరి సంతకమూ లేదు. రెండేళ్ళకి హెల్సింకీ ఒలింపిక్స్‌లో కొందరు ఆ చలిలో నిజంగానే వట్టి కాళ్ళతో ఆడితే యుగోస్లావియా 10-1తో కొట్టింది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

మధ్యలో ఒక్క పెద్ద పొరపాటు జరిగింది, ఆ నేరం మన హైదరాబాద్‌దే. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక మాజీ స్కూలు టీచరు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచి కప్పు ఎత్తుకొచ్చింది. దేశానికి కోచ్ అయ్యాక 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి ఆ కుట్ల తలవాడిదే. స్టేడియం నిండా మనల్ని తిట్టే జనం, కోచ్‌కేమో క్యాన్సర్. అయినా 2-1తో బంగారం తెచ్చారు. మరుసటి జూన్‌లో ఆయన పోయారు.

తాతలు తాగిన నెయ్యి అది. అరవై ఏళ్ళు దాటినా మన మూతులు ఇంకా వాసన చూపిస్తూనే ఉన్నాం. సమాఖ్య మాత్రం అలాంటి పొరపాటు మళ్ళీ జరగకుండా గట్టి చర్యలు తీసుకుంది.

2022ని మించిన ఏడాది లేదు. ఎన్నికలు వాయిదా పడుతూ వస్తుంటే మే నెలలో సుప్రీంకోర్టు పాలకవర్గాన్ని దించి పరిపాలకుల కమిటీని వేసింది. బయటివాళ్ళ జోక్యం అంటూ ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మనల్ని సస్పెండ్ చేసి, పది రోజులు దాటాక వదిలింది. సెప్టెంబరులో అధ్యక్ష ఎన్నిక. దేశానికి ఎన్నో గోల్స్ కొట్టిన బైచుంగ్ భూటియా ఈ మ్యాచ్‌లో ఒక్కటే కొట్టగలిగాడు, 33-1. యుగోస్లావియా కూడా మనవాళ్ళని ఇంత ఘోరంగా ఓడించలేదు. గెలిచిన కల్యాణ్ చౌబే మాజీ గోల్‌కీపర్, అందుకే ఆ ఒక్కటే వదిలారు.

ఆ ఏడాదే జట్టులో ఉత్సాహం నింపడానికి జ్యోతిష్యుల సంస్థకి 16 లక్షలు ఇచ్చారని పేపర్లలో వచ్చింది. అందరూ నవ్వారు. నేను నవ్వను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉన్నప్పుడు ముందు శనిని చూసుకోవాలా, పెనాల్టీలు ప్రాక్టీస్ చేయాలా? పైగా ఆ సంవత్సరం మనం ఆసియా కప్‌కి అర్హత సాధించాం. 2025లో ఏ జ్యోతిష్యుడి ఊసూ వినపడలేదు. సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో 2-1తో ఓడి తర్వాతి ఆసియా కప్‌కి దూరమయ్యాం. ఇక మీరే ఆలోచించుకోండి.

మన జట్టు కోచ్ ఉద్యోగానికి బార్సిలోనా క్లబ్ మాజీ కోచ్ చావీ దరఖాస్తు పెట్టాడని, జీతం తట్టుకోలేక పక్కన పెట్టామని వార్త వచ్చింది కూడా 2025లోనే. తర్వాత ఆ మెయిల్ అసలుది కాదని సమాఖ్యే చెప్పింది. నాకందులో తప్పేం కనపడలేదు. దొంగ మెయిల్‌ని కూడా బడ్జెట్ లెక్కలు చూసి తిరస్కరించే ఆఫీసు ఇంకెక్కడుంది?

అలాగే సునీల్ ఛేత్రీ. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు. 2024 జూన్‌లో దేశం జట్టుకి కన్నీళ్ళతో వీడ్కోలు చెప్పాడు. గోల్ కొట్టేవాడు దొరక్క మరుసటి మార్చిలో, నలభై ఏళ్ళ మనిషిని మళ్ళీ పిలిచారు. రిటైరైన గుమాస్తాని కాంట్రాక్టు మీద అదే కుర్చీలో కూర్చోబెట్టడం మన ఆఫీసుల్లో మామూలేగా.

2024 నవంబరులో గచ్చిబౌలిలో మలేషియాతో మ్యాచ్ జరిగితే నేనూ వెళ్ళాను. మన గోల్‌కీపర్ ఎగిరొస్తున్న బంతి కోసం గోల్ వదిలేసి చాలా ముందుకొచ్చాడు. బంతి ఒక్కసారి నేల తాకి ఆయన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఖాళీ గోల్‌లోకి మలేషియావాడు తాపీగా తోసుకున్నాడు. నా పక్కనున్న పెద్దాయన పల్లీల పొట్లం మడిచి జేబులో పెట్టుకుంటూ "బంతి లేకపోతే బాగా ఆడతారు బాబూ" అన్నాడు. ఈ వ్యాసానికి మూలం ఆ మాటే. తర్వాత ఎలాగో 1-1 చేసుకున్నాం.

అదే గ్రౌండ్‌ని ఇల్లు చేసుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుణే జట్టు మూతపడ్డాక ఇక్కడికి వచ్చింది. 2022లో ఐఎస్ఎల్ ఛాంపియన్ అయ్యింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. బదిలీ మీద వచ్చిన తహసీల్దారు కూడా మూడేళ్ళకి వీడ్కోలు సభ పెట్టించుకుని వెళ్తాడు.

వాళ్ళ పసుపు జెర్సీ ఒకటి నా బీరువాలో ఉండిపోయింది. పోయిన వారం మా ఆవిడ దాన్ని పైకి తీసి, "ఏమండీ, దీన్ని తుడుపుగుడ్డకి తీసుకోనా?" అంది.

"మళ్ళీ బదిలీ మీద ఇక్కడికే వస్తే?" అన్నాను.

జవాబివ్వకుండా కత్తెర అందుకుంది. పసుపు మరకలు కనపడవని ఒక ముక్క స్టవ్ పక్కన పెట్టుకుని, రెండోది నా బండి మీద పడేసింది.