బ్లూబెర్రీ రీళ్ల గోల

ఈ మధ్య ఏ రీల్ చూసినా ఇదే గోల. "లావుగా ఉన్నారా? ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నట్టే. రోజూ గుప్పెడు బ్లూబెర్రీలు తినండి, పోతుంది."

ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒంట్లో లోలోపల సాగే వాపు. రీళ్లు చెప్పే మొదటి మాటలో నిజముంది. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు, ఐఎల్-6 లాంటి వాపు పెంచే ప్రొటీన్లని రక్తంలోకి వదులుతుంది. దాంతో లివర్ సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది, వాపు ఉందనడానికి అదో గుర్తు. దాన్ని కొలిచే హెచ్ఎస్-సీఆర్‌పీ రక్తపరీక్షలో లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటితే గుండెకి రిస్క్ ఎక్కువని డాక్టర్లు అనేది అందుకే.

నా పేచీ ఆ గుప్పెడుతోనే. 2010లో అమెరికాలో మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, షుగర్, కొవ్వులు లాంటివి కలిసి పెరగడం) ఉన్న 48 మంది ఊబకాయులతో ఒక స్టడీ జరిగింది. బెర్రీ గ్రూపుకి 8 వారాలపాటు రోజూ 50 గ్రాముల బ్లూబెర్రీ పొడి కలిపిన డ్రింక్ ఇచ్చారు. బీపీ తగ్గింది, మంచి విషయమే. కానీ ఆ పొడి దాదాపు 350 గ్రాముల తాజా పళ్లకి సమానం! మన సూపర్ మార్కెట్లో దొరికే 125 గ్రాముల డబ్బాలు మూడు కావాలి, అదీ ఒక్క మనిషికి, ఒక్క రోజుకి. ఈఎంఐలో ఇస్తారేమో కనుక్కోవాలి.

అదే ఏడాది లూసియానాలో 32 మందిని తీసుకుని, వాళ్లలో దాదాపు సగం మందికి 6 వారాలు బ్లూబెర్రీ స్మూతీలు ఇచ్చి చూశారు. ఇన్సులిన్ బాగా పనిచేసింది గానీ, ఇన్‌ఫ్లమేషన్ టెస్టుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రీళ్లలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. ఫిన్లాండ్ వాళ్లు బ్లూబెర్రీకి చుట్టమైన బిల్‌బెర్రీలతో చేసిన స్టడీలో మాత్రం ఇన్‌ఫ్లమేషన్ కొంత తగ్గింది, కాదనను. వాళ్లు పెట్టింది రోజుకి 400 గ్రాముల తాజా పళ్లకి సమానం. అవి అక్కడి అడవుల్లో కాసే పళ్లు, మనకి నేరేడు ఎలాగో వాళ్లకి అవి అలాగ.

ఇంకోటి. బ్లూబెర్రీ స్టడీలు కొన్నిటికి డబ్బు పెట్టింది అమెరికా బ్లూబెర్రీ రైతుల కౌన్సిలే. అంతమాత్రాన అబద్ధమని కాదు, కాకపోతే ఆ సంగతి తెలిసి చదవాలి.

బరువు తగ్గితే సీఆర్‌పీ తగ్గుతుందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నారు. కానీ రోజూ నడవమంటే వ్యూస్ రావుగా! జీతం చాలక సతమతమయ్యే ఇంట్లో, ఆ డబ్బా కొనలేకపోవడమే జబ్బుకి కారణమన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. బెర్రీలకి ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడు పండులోనూ ఉన్నాయి. అది మందని నేను అనను. జూన్‌లో బండి మీద కనబడితే మాత్రం వదలను, ఉప్పు చల్లుకుని తింటా.