సముద్రం అడుగున చెరగని చాళ్లు

చూడటానికి నల్లటి బంగాళదుంప. అరచేతిలో ఇమిడిపోతుంది. కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలు పొరలు, ఒక్కోసారి నట్టనడుమ ఏనాడో చచ్చిన సొరచేప పన్ను. సముద్రం అడుగున ఆ పన్ను చుట్టూ మాంగనీసు, ఇనుము పేరుకుని గడ్డకడితే అదే పాలీమెటాలిక్ నాడ్యూల్, అంటే పలు లోహాల గడ్డ. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంతే. అందులో నికెల్, రాగి, కోబాల్ట్ కూడా ఉంటాయి. ఈ బ్యాటరీల కాలంలో అందరి కళ్లూ దాని మీద పడ్డది అందుకే.

మనం ఈ వేటలో వెనకబడి లేం. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1981లోనే గవేషణి నౌకతో అరేబియా సముద్రం నుంచి తొలి నాడ్యూల్ తీసింది. 2002లో, దేశాల పరిధి దాటిన సముద్రగర్భ ఖనిజాల వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం కుదిరి, మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లు మనకు దక్కాయి. అక్కడ 38 కోట్ల టన్నుల నాడ్యూల్స్ ఉన్నాయని ప్రభుత్వ అంచనా. ఈ అంకె వార్తల్లోకి వచ్చినప్పుడల్లా గని చేతికొచ్చేసినట్టే రాస్తున్నారు. మనకున్నది వెతుక్కునే హక్కు మాత్రమే. దేశాల పరిధి దాటిన సముద్రగర్భం మానవాళి ఉమ్మడి ఆస్తి అని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం చెబుతోంది.

ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్లే జలాంతర్గామి వాహనం మత్స్య 6000 చెన్నైలో తయారవుతోందంటే నాకూ గర్వమే. వెళ్లాలి, చూడాలి. నా టెన్షన్ అంతా తవ్వకం గురించే.

1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూకు ఎదురుగా పసిఫిక్ అడుగున, నాలుగు వేల మీటర్ల లోతులో, నాగలిలాంటి పరికరంతో కొంత మేర దున్ని వదిలేశారు. 2015లో మళ్లీ వెళ్లి కెమెరా దించితే చాళ్లు అలాగే కనిపించాయి. మన పొలంలో వేసిన చాలు నాలుగు వానలకు పూడిపోతుంది. అక్కడ ఇరవయ్యారేళ్లయినా పూడలేదు. పైగా ఆ మెత్తటి బురదలో స్పాంజీల వంటి జీవులు అతుక్కుని బతకడానికి దొరికే గట్టి చోటు ఈ నాడ్యూల్సే. వాటిని ఏరుకుపోతే ఇల్లు పీకేసినట్టే. మళ్లీ అంత పెరగాలంటే పదుల లక్షల ఏళ్లు కావాలి.

కోబాల్ట్, నికెల్ కోసం దిగుమతుల మీద ఆధారపడుతున్నామన్న మాట నిజమే. కానీ ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో ఆ రెండూ ఉండవు. మన రోడ్ల మీద తిరిగే ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి ఇప్పటికే అవే వాడుతున్నారు. తవ్వకానికి ఇంత తొందర దేనికి?

నష్టం ఎంతో తేలేదాకా తవ్వకం ఆపమని ముప్పైకి పైగా దేశాలు అడుగుతున్నాయి. మనమూ వాటి పక్కన నిలబడాలి.