కుక్కకు రేషన్‌లో కోత పెట్టిన ఊపిరి లెక్క

"కుక్క నిమిషానికి 30 సార్లు ఊపిరి తీసి 14 ఏళ్లకే పోతుంది. మనిషి 15 సార్లు తీసి 100 ఏళ్లు, తాబేలు 4 సార్లే తీసి 300 ఏళ్లు బతుకుతాయి. చెట్లు అసలు ఊపిరే తీయవు, అందుకే వేల ఏళ్లుంటాయి. దేవుడిచ్చిన కోటాను నెమ్మదిగా వాడుకోండి." ఈ వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర రోజూ వేగంగా నడిచే మా బాబాయి అది చదివి నడక మానేశారు. ఆయాసపడితే కోటా అయిపోతుందట!

ముందు లెక్క. కోటా అందరికీ ఒకటే అయితే, గుణిస్తే ఒకే అంకె రావాలి. తాబేలుకు 1200, మనిషికి 1500, కుక్కకు 420 వస్తున్నాయి. పాపం కుక్క.

తాబేలు 300 ఏళ్లన్నదీ రుజువైన మాట కాదు. రికార్డుకెక్కిన వాటిలో పెద్దది సెయింట్ హెలెనా దీవిలోని జోనథాన్. అది 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా.

ఇక అసలు సంగతి. బ్రాంట్స్ గబ్బిలం బరువు 7 గ్రాములు. సైబీరియాలో గుర్తు వేసి వదిలిన ఒకటి 41 ఏళ్ల తర్వాత దొరికింది. అంతకంటే బరువైన చిట్టెలుక రెండు మూడేళ్లకే ముసలిదైపోతుంది. గబ్బిలం చలికాలమంతా నిద్రపోతుంది కదా అంటారా? పక్షులను చూడండి. అదే సైజు జంతువుల కంటే వాటి ఒంట్లో శక్తి ఎక్కువే ఖర్చవుతుంది. అయినా 1956లో కాలికి రింగ్ వేసిన ఒక ఆల్బట్రాస్ 2024లో కూడా గుడ్డు పెట్టింది.

తేడా ఎక్కడంటే, ఎలుకను ఏడాది తిరక్కుండానే పిల్లో పామో తినేస్తుంది. వందేళ్లు నిలిచేలా ఒంటిని మరమ్మతు చేసుకుని దానికేం లాభం? తొందరగా పిల్లల్ని పెట్టిన ఎలుకకే వంశం నిలుస్తుంది. డిప్ప ఉన్న తాబేలుకు, ఎగిరిపోగల పక్షికి, సొరంగంలో దాక్కునే ఆఫ్రికా బోడి ఎలుకకు ఆ తొందర లేదు. కాబట్టి తరతరాలుగా మరమ్మతు బాగా చేసుకునే ఒళ్లే మిగిలింది. ఆ బోడి ఎలుక 30 ఏళ్లు దాటి బతుకుతుంది. వయసు పెరిగేకొద్దీ దానికి చావు ముప్పు పెరగడం కనిపించలేదని 2018లో తేలింది.

చలి నీళ్లలో మందకొడిగా బతికే గ్రీన్‌లాండ్ షార్క్ కనీసం 272 ఏళ్లు ఉంటుంది. అంటే నిదానానికీ కొంత పాత్ర ఉంది, కాదనను. కానీ అదొక్కటే కారణం కాదు.

చెట్లు ఊపిరి తీయవన్నది శుద్ధ తప్పు. మర్రీ తీస్తుంది, వరీ తీస్తుంది. వరి ఒక్క పంటకే పోతుంది. చైనాలో 600 ఏళ్లు దాటిన గింకో చెట్లను పరీక్షిస్తే, బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పొర ఇంకా పనిచేస్తూనే ఉంది, రోగాలను ఎదిరించే శక్తీ తగ్గలేదు.

ఇదంతా విని బాబాయి, "మరి ఎదురింటి పామరేనియన్ కుక్కపిల్లంత కుక్క ఎప్పుడూ రొప్పుతూనే ఉంటుందిగా?" అన్నారు. దానికిప్పుడు 13 ఏళ్లు. దానికంటే నిదానంగా ఊపిరి తీసే గ్రేట్ డేన్ అనే భారీ జాతి కుక్క పదేళ్లు బతకడమే గొప్ప అన్నాను.

"సరేలేరా, ఈ ఎండలు తగ్గాక చూద్దాం" అన్నారు.