కప్ప జీనోమ్‌లో తిష్ఠ వేసిన ట్రాన్స్‌పోజాన్ గారికి

తిరుపతి.

మహారాజశ్రీ ట్రాన్స్‌పోజాన్ గారి సముఖమునకు,

జీవి డీఎన్ఏ మొత్తంలో, అంటే జీనోమ్‌లో, చోట్లు మారుతూ గెంతే డీఎన్ఏ ముక్క తమరు. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు సామీ, కప్పల జీనోమ్ సైజులే చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలో మట్టిలో దూరి బతికే ప్లాటిప్లెక్ట్రమ్ ఆర్నేటమ్ అనే కప్ప సుమారు 106 కోట్ల డీఎన్ఏ అక్షరాలతో సంసారం నెట్టుకొస్తోంది. మధ్య అమెరికా స్ట్రాబెర్రీ విషకప్పకు 670 కోట్ల పైమాట. యూరప్ బాంబినా కప్పకు వెయ్యి కోట్లకు అటూ ఇటూ. మనిషికి 310 కోట్లే! ప్రోటీన్ తయారుచేసే జన్యువులు మాత్రం ఎవరికైనా ఇరవై వేల చిల్లరే. మిగతా జాగాలో పెద్ద వాటా తమరిది. చెరువు పోరంబోకులో రాత్రికి రాత్రి లేచే షెడ్లకు కూడా ఇంత తెగింపు లేదు.

1940లలో మొక్కజొన్నలో బార్బరా మెక్లింటాక్ తమరి గెంతులు పట్టుకున్నారు. నోబెల్ ఆమెకు 1983లో వచ్చింది. అంతకాలం తప్పించుకు తిరగడం మామూలు పలుకుబడి కాదు.

తమరిలో ఉన్నది రెండు వర్గాలు. రెట్రోట్రాన్స్‌పోజాన్లు ఆర్‌ఎన్‌ఏ నకలు తీసి, దాన్ని మళ్లీ డీఎన్ఏగా మార్చి ఇంకోచోట దించుతాయి, అసలుది కదలదు. విషకప్పను ఉబ్బించినవాటిలో జిప్సీ రకం ముఖ్యం. రెండో వర్గం, డీఎన్ఏ ట్రాన్స్‌పోజాన్లు, తమను తామే కోసుకుని వేరేచోట అతుక్కుంటాయి. జీనోపస్ ట్రాపికాలిస్ అనే ఆఫ్రికా కప్పలో పెత్తనం వీటిదే. లేచిపోయేవాళ్ల లెక్క ఎట్లా పెరుగుతుంది అంటారా? కణం తన డీఎన్ఏను కాపీ చేసుకునే వేళ, కాపీ అయిన చోటినుంచి కానిచోటికి గెంతుతారు. పాత ఖాళీని, తమరు ఇంకా ఉన్న జోడు కాపీని చూసి కణమే తమరితో సహా పూడ్చిపెడుతుంది. గెంతించే ఎంజైమ్ కూడా సొంతం కాని మైట్‌లు అనే పొట్టి ముక్కలు పక్కవాడి ఎంజైమ్, అంటే ట్రాన్స్‌పోజేజ్, మీద బతుకుతాయి. చచ్చినా వదలరు: లెపర్డ్ కప్పలో కుళ్లిన శకలాలను 2003లో పొందికగా పేర్చి, ఫ్రాగ్ ప్రిన్స్ అని పేరుపెట్టి, మళ్లీ గెంతించారు.

ఇక తమరిని సర్వే చేయడం. తమరి నిడివి కొన్ని వేల అక్షరాలు, యంత్రం ఒక్కసారికి చదివే చిన్న ముక్క, షార్ట్ రీడ్, నిడివి 150. ఒకే రూపంలో ఉన్న వందల నకళ్లను, ముక్కలు కలిపే సాఫ్ట్‌వేర్ అసెంబ్లర్ ఒకటిగా కుక్కేస్తుంది. జీనోమ్ అసలు సైజుకన్నా చిన్నదిగా తేలి, చూసినవాళ్లు సంబరపడతారు. లాంగ్ రీడ్లు తప్పనిసరి. తర్వాత తమరిని వెతికి కప్పేసే సాఫ్ట్‌వేర్ రిపీట్‌మాస్కర్‌కు జీనోపస్ లైబ్రరీ (ఆ కప్పలోని తమరి నమూనాల జాబితా) ఒక్కటే ఇచ్చి చెట్టుకప్ప మీద నడిపితే, ఆ వంశంలో మాత్రమే పెరిగిన తమ బంధువర్గం సగం కళ్లబడదు. ముందు రిపీట్‌మోడలర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో ఆ కప్పకే సొంత లైబ్రరీ కట్టాల. అందులో జింక్ ఫింగర్, వాసన గ్రాహకాల లాంటి పెద్ద జన్యు కుటుంబాలు కూడా తమరి వేషంలో దూరతాయి; ప్రోటీన్ల డేటాబేస్‌తో పోల్చి ఏరేయకపోతే అసలు జన్యువులే మాస్క్ అయిపోతాయి. ఇంతాచేసి ‘అన్‌నోన్’ కుప్ప ఒకటి మిగులుతుంది. పేపర్లలో దాన్ని గుండ్రటి పై-చార్టులో బూడిదరంగు ముక్కగా వేసి, ఆ విషయం మీద మౌనం పాటించడం ఆనవాయితీ.

తమరు వచ్చిన కాలం మాత్రం దాచలేరు. రెట్రోట్రాన్స్‌పోజాన్లలో ఎల్‌టీఆర్ అనే రకానికి దిగిన రోజున రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. తర్వాత పడ్డ తేడాలను మ్యుటేషన్ రేటుకు రెట్టింపుతో భాగిస్తే వయసు తెలుస్తుంది. రేటు వేరే జంతువుది అరువు తెస్తే వయసూ అరువుదే. ఆ రెండు కొసలూ కలిసి మధ్యదంతా ఊడిపోతే ఒంటి కొస మిగులుతుంది. అవి ఎక్కువున్న జీనోమ్ తమరిని బాగానే ఖాళీ చేయిస్తున్నట్టు లెక్క.

ఈ బరువు మోసేది కప్ప. డీఎన్ఏ పెరిగితే కణం పెద్దదవుతుంది, విభజన నెమ్మదిస్తుంది. ఎండిపోయే గుంటలో తోకకప్పకు నెమ్మది పనికిరాదు. అమెరికా ఎడారుల స్పేడ్‌ఫుట్ కప్పలు చిన్న జీనోమ్‌తో, గుంట ఎండేలోపే కాళ్లు తెచ్చుకుని బయటపడుతున్నాయి. శేషాచలం కిందా అక్టోబరు, నవంబరు వానలకు నిండి ఇట్టే ఇంకిపోయే గుంటలున్నాయి, నేలలో దూరే కప్పలూ ఉన్నాయి. వాటిలో తమరి వాటా తేల్చేపని పెట్టుకుంటే, ముందు అటవీశాఖ అనుమతి. పేపర్‌వర్క్‌లో తమరినే మించిపోతుంది.

ఇట్లు,
తమరి సర్వేయర్లు

తా.క.: జీనోమ్ సైజు కొలతకు ఒక్క రక్తపు చుక్క చాలు, కప్ప ఎర్రకణాల్లో న్యూక్లియస్ ఉంటుంది. డీఎన్ఏకు అంటుకునే రంగు ప్రొపీడియం అయొడైడ్‌తో పాటు, ఆర్‌ఎన్‌ఏను కరిగించే ఆర్‌ఎన్‌ఏజ్ కలపడం మరిస్తే రంగు ఆర్‌ఎన్‌ఏకూ అంటుకుని, చేయని ఆక్రమణ తమరి మీద పడుతుంది. పోలికకు, జీనోమ్ సైజు ముందే తెలిసిన కోడి రక్తం అదే ట్యూబులో ఉండాల, పక్క ట్యూబులో కాదు.